అంగడికి వచ్చినవాళ్లకి వైఫై ఇవ్వాలా? ఇస్తే ఏ పద్ధతిలో?

మాది నెల్లూరు ట్రంకు రోడ్డు మీద నుంచి లోపలికి తిరిగే ఒక సందులో చిన్న అంగడి. జిరాక్స్, ప్రింట్లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు. వచ్చేవాళ్లలో సగం మంది చేతిలో కాగితం ఉండదు, ఫోనులో పీడీఎఫ్ ఉంటుంది, అది కూడా వాట్సాప్‌లో ఇంకా డౌన్‌లోడ్ కాకుండా గిర్రున తిరుగుతూ ఉంటుంది. డేటా అయిపోయిందనో సిగ్నల్ లేదనో చెప్పి, "అనా, వైఫై పాస్‌వర్డ్ ఏంది నా?" అంటారు. రోజుకు ముప్పైసార్లు చెప్పలేక మా సొంత పాస్‌వర్డే అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసి కౌంటర్ అద్దానికి అంటించేశాను.

రెండు నెలలు బాగానే నడిచింది. ఒకరోజు సాయంత్రం అంగడిలో నేను ఒక్కడినే ఉన్నాను, ప్రింటర్ దానంతటదే లేచింది. ఒక పేజీ, రెండు, ఐదు... ఎవరిదో ఓణీల ఫంక్షన్ కార్డు, ఫుల్ కలర్‌లో, పద్నాలుగు కాపీలు. బయటికి వచ్చి చూస్తే ఎదురుగా మూసేసిన బట్టల అంగడి అరుగు మీద ఇద్దరు కుర్రాళ్లు కూర్చుని వీడియోలు చూస్తున్నారు. వాళ్లలో ఒకడి ఫోనులో మా ప్రింటర్ పేరు కనపడితే నొక్కి చూశాడట. పిల్లోడు పాపం భయపడిపోయి డబ్బులు ఇస్తానన్నాడు కూడా. ఇంకు పోతే పోయింది గానీ, అదే వైఫైలో నా బిల్లింగ్ లాప్‌టాప్, కెమెరాల రికార్డింగులు దాచే పెట్టె (డీవీఆర్), రెండు కంప్యూటర్ల మధ్య పాస్‌వర్డ్ లేకుండా షేర్ చేసి పెట్టుకున్న ఫోల్డర్, ఆ ఫోల్డర్‌లో జనం ఆధార్ స్కాన్లు, అన్నీ ఉన్నాయన్న సంగతి నాకు ఆ రాత్రి గానీ తట్టలేదు. నిద్ర పట్టలేదంటే నమ్మండి.

ఆ తర్వాత నేనొక రకంగా, ఒంగోలు కర్నూలు రోడ్డులో టిఫిన్ సెంటర్ నడిపే మా బామ్మర్ది ఇంకో రకంగా, కావలిలో బ్లౌజులు కుట్టే మా చెల్లెలు మరో రకంగా వైఫై పెట్టుకున్నాం. ముగ్గురి అనుభవం కలిపి చెబుతున్నాను. అందరికీ ఒకటే మందు పనిచేయదు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: కస్టమర్ మీ అంగట్లో ఎన్ని నిమిషాలు ఉంటాడు? రెండు నిమిషాల్లో సరుకు తీసుకుని వెళ్లిపోయే కిరాణా కొట్టుకీ, గంటన్నర కూర్చునే బ్యూటీ పార్లర్‌కీ ఒకే సలహా చెప్పేవాడు మీకేదో అమ్మడానికి వచ్చాడని అర్థం.

అసలు ఇవ్వకపోతే ఏమవుతుంది అనేది కూడా ఒక ఎంపికే. కిరాణా, మందుల షాపు, పాల బూత్ లాంటివాటికి నా మాట అదే, వద్దు. ఇప్పుడు అందరి దగ్గరా డేటా ఉంటోంది. ఒక్క చోట మాత్రం ఆలోచించాలి. మీ అంగడి సెల్లార్‌లోనో, నాలుగు గోడల మధ్య లోపలికో ఉండి ఫోన్ సిగ్నల్ అందకపోతే, కస్టమర్ క్యూఆర్ స్కాన్ చేసి ఫోను పైకెత్తుకుని వీధిలోకి పరిగెత్తాల్సి వస్తుంది. మా చెల్లెలి షాపు సరిగ్గా అలాంటిదే. అక్కడ వైఫై అనేది సౌకర్యం కింద రాదు, డబ్బులు వసూలు కావడానికి కావాలి. వైఫైలో యూపీఐ చేస్తే పిన్ ఎవరైనా పట్టేస్తారేమోనని కొందరు భయపడతారు. ఆ యాప్‌కీ దాని సర్వర్‌కీ మధ్య నడిచేదంతా ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే మధ్యలో ఎవరూ చదవలేని రూపంలోకి మారే వెళుతుంది, కాబట్టి ఆ టెన్షన్ అక్కర్లేదు. కొత్తగా యూపీఐ రిజిస్టర్ చేసుకునేటప్పుడు మాత్రం సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ వెళ్లాలి, దానికి వైఫై ఒక్కటే ఉంటే చాలదు.

సరే, ఇద్దామనుకున్నారు. అందరూ చేసే మొదటి పని నేను చేసిందే, సొంత పాస్‌వర్డ్ ఇచ్చేయడం. దాని గురించి ఇంక చెప్పేదేముంది, ప్రింటర్ కథ విన్నారు కదా. చెప్పకుండా వదలలేని ముక్క ఒకటుంది. ఒకసారి ఇచ్చిన పాస్‌వర్డ్ వెనక్కి రాదు. ఆ ఫోను మీ అంగడి ముందు నుంచి బండి మీద వెళ్లినా కనెక్ట్ అవుతుంది. మార్చాలంటే బిల్లింగ్ మెషీన్, కెమెరా, ప్రింటర్, ఇంట్లోవాళ్ల ఫోన్లు, అన్నిట్లో మళ్లీ కొట్టాలి, అందుకే ఎవ్వరూ మార్చరు.

రెండోది, మీ రౌటర్‌లోనే గెస్ట్ నెట్‌వర్క్, అంటే కస్టమర్లకని విడిగా ఉండే వైఫై, ఆన్ చేసుకోవడం. పైసా ఖర్చు లేదు. పది నిమిషాల పని. చిన్న అంగళ్లలో ఎక్కువ శాతానికి ఇది చాలని నా అభిప్రాయం, మా చెల్లెలికి పెట్టింది ఇదే. కాకపోతే ఇందులో ఒక తిరకాసు ఉంది, దాన్ని చాలామంది చూసుకోరు.

ఇంటర్నెట్ వాళ్లు ఇచ్చే ఫైబర్ డబ్బా ఉంటుంది కదా, గోడకి బిగించేది, దాని సెట్టింగుల్లోకి వెళితే చాలావాటిలో ఎస్ఎస్ఐడీ (అంటే వైఫై పేరు) 1, 2, 3, 4 అని కనిపిస్తాయి. రెండోది ఆన్ చేసి, దానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ పెట్టి, గెస్ట్ వైఫై అయిపోయిందనుకుంటారు. పేరు మాత్రమే వేరు. చాలా డబ్బాల్లో లోపల రెండూ ఒకటే నెట్‌వర్క్, ఒకే ఇంటికి రెండు గుమ్మాలు పెట్టినట్టు. ఏ గుమ్మంలోంచి వచ్చినా వంటింట్లోకి పోవచ్చు. విడిగా గెస్ట్ నెట్‌వర్క్ అని రాసి ఉన్న రౌటర్‌లో అయితే "అలౌ గెస్ట్స్ టు యాక్సెస్ మై లోకల్ నెట్‌వర్క్" లాంటి గడి ఒకటి ఉంటుంది, అందులో టిక్ ఉండకూడదు. "గెస్ట్స్ టు సీ ఈచ్ అదర్" అని ఇంకొకటి, అది కూడా తీసేయాలి, లేకపోతే ఒక కస్టమర్ ఫోను ఇంకో కస్టమర్ ఫోనుకు కనపడుతుంది. కొన్నిట్లో దీని బదులు ఏపీ ఐసొలేషన్ అనే గడి ఉంటుంది, అది మాత్రం ఆన్‌లో ఉండాలి. ఏపీ అంటే ఇక్కడ ఆంధ్రప్రదేశ్ కాదులెండి, యాక్సెస్ పాయింట్. ఇంకో సంగతి, ఆ రౌటర్‌ను మీరు యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వేరే డబ్బా నెట్‌ను వైఫైగా పంచడానికి మాత్రమే) పెట్టి వాడుతుంటే చాలా మోడళ్లలో ఈ వేరుచేయడం పనిచేయదు, రౌటర్ మోడ్‌లోనే ఉండాలి.

పెట్టాక నమ్మకం మీద వదిలేయకండి, పరీక్ష చేయండి. మీ ఫోనులో మొబైల్ డేటా ఆపి, గెస్ట్ వైఫైకి కనెక్ట్ అయి, బ్రౌజర్‌లో 192.168.1.1 అనో 192.168.0.1 అనో మీ రౌటర్ అడ్రస్ కొట్టండి. లాగిన్ పేజీ రాకూడదు. తర్వాత ఏదైనా ఫోటో తెరిచి ప్రింట్ నొక్కండి, మీ ప్రింటర్ పేరు జాబితాలో కనపడకూడదు. చివరగా డీవీఆర్ అడ్రస్ కొట్టి చూడండి. మూడూ రాకపోతే ఇక ప్రశాంతంగా పడుకోవచ్చు. మా చెల్లెలి షాపులో మొదటిసారి పెట్టినప్పుడు ప్రింటర్ కనపడలేదు గానీ రౌటర్ లాగిన్ పేజీ మాత్రం దర్జాగా వచ్చి కూర్చుంది, పైగా పాస్‌వర్డ్ లైన్ వేసిన కుర్రాడు వదిలేసి పోయిన అడ్మిన్, అడ్మిన్. ఇలాంటివి మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయో తలచుకుంటేనే భయమేస్తుంది.

మూడో దారి నేను పట్టింది. మా ఫైబర్ డబ్బాలో సరైన గెస్ట్ సదుపాయం లేదు, కాబట్టి రెండు వేల లోపు ఇంకో చిన్న రౌటర్ కొన్నాను. ఇక్కడే నేను ఒక పొరపాటు చేశాను, మీరు చేయకండి. అందరికీ మొదట తోచేది ఏమిటంటే, పాత డబ్బా మనకు ఉంచుకుని, కొత్త రౌటర్‌ను దానికి వైరుతో తగిలించి కస్టమర్లకు ఇచ్చేద్దాం అని. నేనూ అదే చేసి, పైన చెప్పిన పరీక్ష చేస్తే, కొత్త రౌటర్‌లోంచి మా ప్రింటర్ పేజీ హాయిగా తెరుచుకుంది. ఎందుకంటే లోపలి రౌటర్‌కు (అంటే కొత్తదానికి) తగులుకున్నవాడు ఇంటర్నెట్‌కు పోవాలంటే బయటి డబ్బా (అంటే ఫైబర్‌ది) మీదుగానే పోవాలి, ఆ దారిలో బయటి డబ్బాకు తగిలించినవన్నీ వాడికి అందుబాటులోనే ఉంటాయి. బయట ఉన్నవాడు మాత్రం లోపలికి తనంతట తాను రాలేడు, లోపలి రౌటర్ తలుపేసి ఉంచుతుంది. కాబట్టి తిరగేయాలి. కస్టమర్లు ఫైబర్ డబ్బా వైఫై మీద, మన సామాను అంతా కొత్త రౌటర్ వెనకాల. లాప్‌టాప్, ప్రింటర్, ముఖ్యంగా డీవీఆర్ వైరు కూడా ఊడదీసి కొత్త రౌటర్‌లో గుచ్చాలి. అది మరిచిపోతే మిగతాదంతా చేసినా దండగే. కెమెరాలను ఇంటి నుంచి ఫోనులో చూసుకునే యాప్ కంపెనీ సర్వర్ మీదుగా పనిచేసేదైతే దానికేమీ ఇబ్బంది రాదు, నాకైతే రాలేదు.

ఇలా చేసినప్పుడు ఫైబర్ డబ్బా అడ్మిన్ పాస్‌వర్డ్ తప్పకుండా మార్చాలి, ఎందుకంటే ఇప్పుడు కస్టమర్లు ఉన్నది దాని ముందే. రెండు పెట్టెలూ 192.168.1 తోనే మొదలయ్యే అడ్రసులు పంచుతుంటే గొడవ వస్తుంది, ఒకదాన్ని 192.168.5 లాంటిదానికి మార్చుకోవాలి. ఈ పద్ధతిలో నాకు నచ్చింది, కస్టమర్ పాస్‌వర్డ్ నెలనెలా మార్చినా నా సామానులో ఒక్క వైరూ కదపక్కర్లేదు.

నాలుగోది, పూర్తిగా వేరే కనెక్షన్. లోకల్ కేబుల్ ఆపరేటరో, బీఎస్ఎన్ఎల్ ఫైబరో, నెలకు నాలుగైదు వందలు, మీద 18 శాతం జీఎస్టీ. వైఫై కోసం మాత్రమే అయితే ఇది అనవసరం అంటాను. కానీ మా జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు, వాయుగుండాలు వచ్చినప్పుడు చెట్టు కొమ్మ పడి ఒక లైన్ తెగితే మళ్లీ అతికేదాకా అంగడి మూసినట్టే. అప్పుడు రెండో లైన్ ఉంటే బిల్లింగ్ దాని మీదకు మార్చుకోవచ్చు. మా బామ్మర్ది రెండో లైన్ తీసుకున్నది అందుకే, కస్టమర్ల వైఫై అనేది ఆయనకు దాంతోపాటు వచ్చిన కొసరు. తీసుకుంటే మాత్రం రెండూ ఒకే స్తంభాల మీద, ఒకే ఆపరేటర్ వైరులో రాకుండా చూసుకోండి.

ఐదోది పెద్ద వ్యవహారం. కనెక్ట్ అవ్వగానే ఒక పేజీ వచ్చి కూపన్ నంబరో ఓటీపీయో అడుగుతుంది చూడండి, రైల్వే స్టేషన్లలో, పెద్ద హోటళ్లలో ఉండేది. టీపీ-లింక్ ఒమాడా, మైక్రోటిక్ లాంటి వైఫై పరికరాలతో కూపన్లు మనమే తయారుచేసుకోవచ్చు, అరగంట కూపన్, రెండు గంటల కూపన్ అని ప్రింట్ తీసి బిల్లుతో పాటు చేతికివ్వొచ్చు. లాడ్జి, నలభై కుర్చీల రెస్టారెంట్, పొగతోట వైపు ఆసుపత్రుల్లో గంటలకొద్దీ జనం ఎదురుచూసే హాలు, ఇలాంటివాటికి ఇదే సరైనది. మా బామ్మర్దికి ఎవరో ఇది అంటగట్టబోయారు, టిఫిన్ సెంటర్‌కి! ఇడ్లీ తిని పది నిమిషాల్లో లేచిపోయేవాడు ఓటీపీ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే వెనక నిలబడ్డవాడు తిడతాడు. పైగా ఓటీపీ సొంతంగా పంపాలంటే డీఎల్‌టీ అని టెలికాం వాళ్ల రిజిస్ట్రేషన్ ఏర్పాటు ఒకటుంది, అందులో మీ సంస్థ పేరు, పంపే పేరు, మెసేజ్ నమూనా అన్నీ రిజిస్టర్ చేయించాలి, అది చిన్న అంగడివాడి వల్ల అయ్యే పని కాదు, మధ్యలో ఒక కంపెనీని పెట్టుకోవాల్సిందే, వాళ్లకి నెలనెలా కట్టాల్సిందే. ఇంకొకటి, ఇలాంటి పేజీ పెట్టినంత మాత్రాన వైఫై భద్రం అయిపోదు. పేజీ ఉండి అసలు పాస్‌వర్డ్ లేకపోతే గాల్లో వెళ్లేదాన్ని వైఫై ఎన్‌క్రిప్ట్ చేయదు. రెండూ ఉండాలి.

ఆరోది పీఎం-వాణి, చిన్న అంగళ్ల ద్వారా పబ్లిక్ వైఫై అందించే కేంద్ర ప్రభుత్వ పథకం. 2020 డిసెంబరులో కేంద్ర క్యాబినెట్ ఆమోదించింది. టీకొట్టువాడైనా సరే పీడీఓగా, అంటే పబ్లిక్ డేటా ఆఫీసుగా మారి లైసెన్సు లేకుండా, ఫీజు లేకుండా వైఫై అమ్ముకోవచ్చు. వెనకాల పీడీఓఏ అనే సంస్థ లాగిన్లు, లెక్కలు చూసుకుంటుంది, కస్టమర్ ఒక యాప్‌లో తన నంబరుతో నమోదై వాడుకుంటాడు. 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇంకో మెలిక పెట్టింది, 200 ఎంబీపీఎస్ వరకు ఉన్న ఇంటి ఫైబర్ ప్లాన్లను ఇలాంటి పీడీఓలకు ఇచ్చేటప్పుడు మామూలు ధరకు రెండింతలకు మించి తీసుకోకూడదని. వాడేది ఎవరో తెలుసుకునే గుర్తింపు బాధ్యత మన నెత్తిన పడకపోవడం దీని లాభం. మరి నేనెందుకు పెట్టలేదంటే, నా కస్టమర్‌కు కావాల్సింది ఒక పీడీఎఫ్, దానికోసం యాప్ వేసుకోమంటే పక్క జిరాక్స్ అంగడికి పోతాడు. బస్టాండు పక్కన, కాలేజీ ఎదురుగా, హాస్టళ్ల దగ్గర అంగడి ఉండి, ఐదో పదో తీసుకుని వైఫై అమ్ముదామనుకునేవాళ్లు చూడాల్సింది ఇదే.

గుర్తింపు అన్నాను కదా, దాని గురించి కొంచెం. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లప్పుడు వచ్చిన బెదిరింపు ఈ-మెయిల్ నవీ ముంబైలో ఒక ఫ్లాట్‌లోని రక్షణ లేని వైఫై నుంచి వెళ్లింది. పోలీసులు మొదట వెళ్లింది ఆ ఫ్లాట్‌కే. తర్వాత 2009లో టెలికాం శాఖ, పబ్లిక్ హాట్‌స్పాట్లలో వాడేవాళ్లను ఐడీ కాపీతోనో ఫోనుకు పంపే పాస్‌వర్డ్‌తోనో గుర్తుపట్టేలా ఉండాలని ఇంటర్నెట్ కంపెనీలకు చెప్పింది. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో ముందు ప్రశ్నలు వాళ్లకే అన్న సంగతి మనం గుర్తుపెట్టుకోవాలి. అంగడికి వచ్చినవాళ్లకు మాత్రమే, పాస్‌వర్డ్‌తో, అడిగినప్పుడే ఇవ్వడం వేరు, వీధంతటికీ ఓపెన్‌గా వదలడం వేరు. మీ ప్లాన్ నిబంధనల్లో బయటివాళ్లకు పంచడం గురించి ఏం రాశారో కూడా ఒకసారి చూసుకోండి. ఇళ్ల ప్లాన్ అంగట్లో పెట్టుకున్నవాళ్లు మరీ.

కొందరు దీనికి భయపడి కౌంటర్ మీద ఒక నోటు పుస్తకం పెట్టి పేరు, ఫోన్ నంబరు రాయమంటారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. బోటిక్‌లో ఆడపిల్లల నంబర్లన్నీ పేర్లతో సహా తెరిచి పెట్టిన పుస్తకంలో ఉంటే, వెనక వచ్చిన ఏ వెధవైనా ఫోటో కొట్టుకుని పోవచ్చు. 2023లో డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది, వైఫైకని తీసుకున్న నంబరుకు ఆఫర్ మెసేజీలు పంపడం తప్పు. నంబర్లు భద్రంగా దాచే ఏర్పాటు లేకపోతే అడగకండి.

ఇక ఏ పద్ధతి అయినా చేయాల్సిన చిల్లర పనులు. సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 (వైఫై తాళాల రకాలు) రెండూ కలిసిన మిక్స్‌డ్ మోడ్ పెట్టండి, 3 ఒక్కటే పెడితే పాత ఫోన్లు కనెక్ట్ కావు. పాస్‌వర్డ్ కొట్టకుండానే కనెక్ట్ చేసే డబ్ల్యూపీఎస్ బటన్ ఆపేయండి. గెస్ట్‌కు స్పీడు పరిమితి పెట్టండి, నా 50 ఎంబీపీఎస్ లైన్‌లో 10 ఇస్తున్నాను, పీడీఎఫ్‌కూ యూపీఐకీ అది ఎక్కువే, అరుగు మీద కూర్చుని సినిమా చూసేవాడికే తక్కువ. అంగడి మూసే టైముకు గెస్ట్ దానంతటదే ఆగిపోయేలా షెడ్యూల్ పెట్టొచ్చు. డీఎన్ఎస్‌లో (సైటు పేరును బట్టి దాని అడ్రస్ వెతికే సెట్టింగు) 1.1.1.3 అని వేస్తే అశ్లీల సైట్లు, వైరస్ సైట్లు చాలావరకు తెరుచుకోవు. పేరు "ఫ్రీ వైఫై" అని కాకుండా అంగడి పేరే పెట్టండి.

అట్టముక్క తీసేసి ఇప్పుడు వైఫై క్యూఆర్ పెట్టాను, కెమెరాతో చూపిస్తే కనెక్ట్ అవుతుంది. మొదట దాన్ని పేమెంట్ క్యూఆర్ పక్కనే అంటించా, ఇరవై మందిలో పదిమంది డబ్బులు కట్టడానికి దాన్ని స్కాన్ చేసి "రాలేదనా" అన్నారు. ఒక పెద్దాయన అయితే మూడుసార్లు చూపించి, ఫోను పాడైందని ఇంటికి పోయాడు, ఎనిమిది రూపాయలు బాకీ. ఇప్పుడది కౌంటర్ లోపలివైపు, నా కుర్చీ వెనక గోడకు ఉంది. అడిగినవాళ్లకు చూపిస్తాను. అరుగు మీద వాళ్లకు కనపడదు, పైన ఎవరూ వేరే స్టిక్కర్ అంటించే వీలూ ఉండదు.

మొహర్రం రోజుల్లో రొట్టెల పండగకు స్వర్ణాల చెరువు దగ్గరికి ఊరూరి నుంచి జనం వస్తారు కదా, ఆ నాలుగైదు రోజులు మాత్రం గెస్ట్ పూర్తిగా ఆపేస్తాను. పీడీఎఫ్ కావాలన్నవాళ్లకు నా ఫోనులో హాట్‌స్పాట్ ఆన్ చేసి, డౌన్‌లోడ్ అవ్వగానే ఆపేస్తున్నాను.